కొలబద్ద లేని పీపాలవాడు

హార్డంగర్ నుంచి పీపాలు కట్టడానికి శూర్ మా దీవికి వచ్చిన రోజే నాకు నచ్చలేదు. పనివాడి దగ్గర కొలబద్ద ఉండాలి. ఇతని దగ్గర ఉన్నది రెండు కాళ్ళ ఇనుప కంపాసు ఒక్కటే, అదీ చొక్కా లోపల దాచుకునేవాడు. పైగా షెడ్డు తలుపు మూసుకుని పని చేసేవాడు. తలుపు మూసే మనిషిని నేను నమ్మను.

అప్పట్లో మా రేవులో హెర్రింగ్ చేపలు కోసి ఉప్పు పట్టించే ఆడవాళ్ళు ఇరవైమంది. వాళ్ళకి పెద్దదాన్ని నేను. బడికి పోయింది రెండే చలికాలాలు. అయినా నేను సరే అనందే యజమాని హల్వ్‌దన్ ఒక్క పీపా కూడా బోటెక్కించేవాడు కాదు.

ఒకరోజు చెప్పకుండా తలుపు తోసుకుని వెళ్ళాను. పీపా అంచు లోపల, మూత కూర్చునే గాడిలో, శూర్ కంపాసుతో ఒక్కో అంగా వేసుకుంటూ చుట్టూ తిప్పుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఏం మంత్రమయ్యా అది?"

"మంత్రం కాదు సిన్నేవమ్మా. సరిగ్గా ఆరు అంగల్లో మొదలెట్టిన చోటికే వచ్చిందనుకోండి, ఆ కంపాసు కాళ్ళ మధ్య ఎడమే మూత నడిమి నుంచి అంచుకి కొలత. మధ్యలో గుచ్చి గీసేయడమే."

"రాకపోతే?"

"కాళ్ళు కాస్త జరిపి మళ్ళీ తిప్పుతా."

"వెన్న తొట్టికి ఎన్ని అంగలు?"

"ఆరు."

"ఇంత పెద్ద పీపాకి?"

"ఆరే."

"చిన్నదానికీ ఆరే, పెద్దదానికీ ఆరేనా? నా చెవిలో పువ్వేమన్నా కనబడుతోందా నీకు?"

"మీరే చూసుకోండి," అన్నాడు. కంపాసు మాత్రం ఇవ్వలేదు.

ఇంటికొచ్చి పిండి పలచగా వత్తాను. రెండు అల్లిక సూదులకి గాలపు దారం కట్టి గుండ్రంగా గీశాను. అదే దారంతో అంచు మీద అంగలు వేశాను. ఆరు. ఇంకా పెద్దది గీశాను. ఆరు. మూడోసారి రాకూడదనే మొండిగా గీశాను. అప్పుడూ ఆరే. ఆ రొట్టెలు కాల్చుకుని తిన్నాను గానీ అనుమానం మాత్రం అరగలేదు.

మూడు వారాలకి బెర్గెన్ బోటు ఏడు పీపాలు వెనక్కి తెచ్చింది. మూత పక్కల నుంచి ఉప్పునీరు కారిపోయి పైవరస చేపలు పాడయ్యాయి.

"శనివారం బోటుకి శూర్‌ని పంపేస్తాను. ఏమంటావ్ సిన్నేవా?" అన్నాడు హల్వ్‌దన్.

చేతకానివాడని పేరుపడితే ఇంకే రేవూ అతన్ని పనికి రానివ్వదు. ఆ సంగతి శూర్ మొహంలోనే కనిపిస్తోంది. "పంపండి" అనబోయాను. కానీ కళ్ళతో చూడకుండా తీర్పు చెప్పడం నా అలవాటు కాదు.

"ముందు నా ఎదుట కొలవమనండి," అన్నాను.

తిరిగొచ్చిన పీపా గాడిలో శూర్ కంపాసు తిప్పాడు. సరిగ్గా ఆరు. ఆ కంపాసును అలాగే లాక్కున్నాను. అదే దఫాలో చేసిన మూత, ఇంకా వాడనిది, మా ఆడవాళ్ళలో ఒకతె, మార్గిత్, వెళ్ళి పట్టుకొచ్చింది. దాని మధ్యలో శూర్ గుచ్చిన చిల్లు అలాగే ఉంది. అందులో ఒక కాలు పెట్టి చూశాను. చెక్క నార పొడుగున రెండో కాలు సరిగ్గా అంచుకే తగిలింది. అడ్డంగా తిప్పితే అంచు దాటి బార్లీ గింజంత బయటికి పోయింది.

"ఇది గుండ్రంగా లేదు. వంకరగా గీశావు!"

"గీసినప్పుడు గుండ్రమేనమ్మా. ఎండితే చెక్క అడ్డంగా తగ్గుతుంది, పొడుగున తగ్గదు. నేను చల్లటి షెడ్డులోనే పేర్చాను." అతను నా వైపు చూడలేదు.

మూత నా చేతిలో వెచ్చగా ఉంది.

ఉప్పు బస్తాలకి చోటు కావాలని ఆ మూతల్ని బాయిలర్ గది అటక మీదికి ఎక్కించింది నేనే. మోసిన మార్గిత్ నా వైపే చూస్తోంది.

"వేడిలో ఎవరు పెట్టారు?" అన్నాడు హల్వ్‌దన్.

"నేనే."

"మరి శూర్?"

"ఉంటాడు. ఏడు పీపాలకీ కొత్త మూతలు గీస్తాడు. చేపలు మళ్ళీ సర్దేది నేను. ఒక్కదాన్నే."

సర్దడం అయ్యాక శూర్‌ని నిలదీశాను. "నీకు ముందే తెలుసు కదూ?"

"అటకెక్కించడం చూశాను."

"మరి నోరు విప్పవేం?"

"మీ మాట కాదని నా మాట ఎవరు నమ్ముతారు సిన్నేవమ్మా?"

శూర్ మరో పదకొండేళ్ళు మా రేవులోనే పీపాలు కట్టాడు. రోజూ పొద్దున్నే వచ్చి మూతలు ఎక్కడున్నాయో చూసి పోయేవాడు. ఎందుకని అడిగితే, "మీ మీద నమ్మకం లేక కాదు," అనేవాడు.

ఆ ఒక్క మాట మాత్రం నేను ఎన్నడూ నమ్మలేదు.