చారల కాళ్ళ గాడిదలు

దుబాయ్ దగ్గర సజ్జాలో లారీ తోలే నాకు మామూలుగా పడే లోడు పాలరాయి, లేదంటే సిమెంటు బస్తాలు. రెండేళ్ళ కిందట చలికాలంలో ఓ ఉదయం మా ముదీర్, అంటే మేనేజరు, పిలిచి, "ఎయిర్‌పోర్టు నుంచి రెండు జంతువుల్ని ఎడారిలోని ఫారానికి చేర్చాలి. నువ్వే వెళ్ళు, నీ బండి కుదపదు" అన్నాడు.

కార్గో గేటు దగ్గర పశువుల డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. గుంటూరమ్మాయి. నేను తెలుగువాణ్ణని తెలియగానే ఆమె ముఖం వెలిగింది.

"అన్నా, ఇవి సొమాలియా వైపు అడవి గాడిదలు. ఆడదొకటి, మగదొకటి. అక్కడ చాలా కొద్దే మిగిలాయి. గట్టిగా బ్రేకు కొట్టొద్దు, హారన్ అసలే వద్దు."

చెక్కపెట్టె సందులోంచి చూశాను. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి కాళ్ళ మీద సన్నటి నల్ల చారలు. గాడిదంటే బట్టల మూటలు మోస్తూ తలవంచుకు నడిచేదనే నాకు తెలుసు. ఇది తలెత్తి సూటిగా నన్నే చూసింది.

దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. పెట్టెలో తన్నులు మొదలయ్యాయి.

"నీడలో ఆపన్నా!" అంది డాక్టరమ్మ కంగారుగా.

బండిని వంతెన కిందికి మళ్ళించి ఇంజను ఆపాను. వెంటనే పోలీసు వచ్చి లోడేమిటని అడిగాడు. "హిమార్ వహ్షీ" అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో. అంటే అడవి గాడిదే. కానీ జీబ్రానీ అలాగే అంటారట. అతను సందులోంచి తొంగిచూసి, "జీబ్రాకి ఒంటి మీద చారలేవీ?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వాపుకుని అసలు సంగతి చెప్పింది. అతను మళ్ళీ, ఈసారి చాలాసేపు చూశాడు. పెట్టెలో తన్నులు సద్దుమణిగాక తన కారు లైట్లు వెలిగించి ముందు పోతూ మమ్మల్ని ట్రాఫిక్ దాటించాడు.

ఫారంలో పెట్టె తలుపు తీయగానే ఆడది ముందుగా దిగింది. ఒంటి మీద చిన్న గాయమైనా లేదు. ఇసుక వాసన చూసి పరుగందుకుంది. దాని వెనకే మగదీను.

"నీ చేతి చలవన్నా!" అంది డాక్టరమ్మ. ఇన్నేళ్ళలో నా డ్రైవింగును ఎవరూ అలా మెచ్చుకోలేదు.

ఆ సాయంత్రం ఫోనులో చెబితే అమలాపురంలో ఉన్న మా ఆవిడ, "అయ్యబాబోయ్, గాడిదల్ని మోయడానికాండీ దుబాయెళ్ళిందీ?" అని పకపకా నవ్వింది.

మరుసటి ఏడాది డాక్టరమ్మ ఫోటో పంపింది. తల్లి పక్కన, అప్పుడే లేచి నిలబడ్డ పిల్ల. ఆ ఫోటోని మా ఆవిడకు పంపాను. ఆమె వీధంతా చూపించిందట.

"మావారు దింపిన గాడిదలకి పిల్ల పుట్టిందండీ!"