పటంలో గరిక

డెబ్భై నాలుగులో వినాయకచవితి, పొద్దున ఎనిమిది గంటలు. తిరువూరులో పంతులమ్మగారింటికి అమ్మతో కలిసి పత్రి తీసుకెళ్లాను. గోడ మీద అద్దం పటంలో గరిక, గడ్డి దుబ్బులు. పటం కట్టించేది దేవుడికే కదా, పత్రి కింద మునిగిపోయాడనుకుని దణ్ణం పెట్టాను.

"సామీ, నన్ను బడికి పంపు."

"అది కలుపే, పిచ్చిమొహమా!" అంది అమ్మ.

పంతులమ్మగారు నవ్వలేదు. "అచ్చేసిన బొమ్మమ్మా. పిల్లని రేపు బడికి పంపు," అన్నారు.

"ఇది బడికొస్తే నాతో కలుపెవరు తీస్తారండీ?"

నలభై దాటాకే అక్షరాలు నేర్చాను. అమ్మను తప్పుపట్టను, ఇద్దరం వంగితేనే పొయ్యి వెలిగేది.

మొన్న మనవరాలి గదిలో అదే బొమ్మ. అయిదొందల ఏళ్ల కిందట నీళ్ల రంగులతో వేశారట. మేం పీకి గట్టున పారేసినదాన్ని ఎవరో కూర్చుని పోచపోచా చూశారు.

ఆ రోజు నా మొర వినడానికి అక్కడున్నది పంతులమ్మగారు, అమ్మ, నేను. దేవుడు లేడు.