చక్రాల కుర్చీలో నది దాకా

మా ఆయన రేపు ఉదయం కొత్త పడవతో సముద్రానికి వెళ్తారు. అంతకుముందు ఇంటి పెద్దామె తన చేత్తో నదికి పసుపు కుంకుమ ఇవ్వడం మా ఆచారం. అత్తయ్యకు కాళ్లు పడిపోయి రెండేళ్లయింది. ఋషికుల్య ఒడ్డున పాత రేవు మెట్లు తీసేసి పార్కు కట్టారు. అందులో చక్రాల కుర్చీకి దారి వేశారని విని ఈ రోజు సంబరంగా తీసుకెళ్లాను.

దారి నున్నగా ఉంది. తిన్నగా వెళ్లి ఇనుప కమ్మీల దగ్గర ఆగిపోయింది. నీళ్లు ఎక్కడో కింద ఉన్నాయి.

"కిందకి దారెటు బాబూ?" అని అత్తయ్య కాపలా అతన్ని అడిగింది.

"కిందకి లేదు మాఉసీ. ఇక్కణ్నుంచి సూడ్డానికే," అన్నాడతను, పిన్నీ అని ఒడియాలో పిలుస్తూ.

"గంగమ్మని సూసి ఎల్లిపోడానికి ఇదేటి సినిమాయా?"

అతను నవ్వాడు. "పోనీ ఆ కుళాయి కాడ ఇచ్చెయ్యి. అదీ ఈ నది నీరే."

అత్తయ్య నవ్వలేదు. నా వైపు తిరిగి, "కుళాయికి మొక్కితే పడవ తిరిగొత్తాదేటే?" అంది.

తల్లి క్షమిస్తుందిలే అనబోయాను. కుర్చీ వెనక్కి తిప్పి, ఇవ్వని పసుపు కుంకుమతోనే ఇంటికి తీసుకొచ్చేశాను.

పార్కు మాత్రం పచ్చగా, అందంగా ఉంది, అబద్ధం చెప్పను. మీ ఊళ్లో నది ఇంకా చేతికి అందుతోందా?