సైమి వేలు పెట్టిన చోటు

ఫిన్లండ్‌లోని కైనూ అడవుల్లో ఎవరి బ్లూబెర్రీ పళ్ల చోటు వాళ్ల గుట్టు. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పరు. సైమి తన చోటుకి వెళ్లాలంటే ముందు ఎదురు దిక్కుకి సైకిలు తొక్కి, బురదనేల చుట్టూ తిరిగి వెళ్లేది. చెల్లెలు లెంపి వెంట పడుతోందని అనుమానమొస్తే ఖాళీ బకెట్టుతోనే ఇంటికొచ్చేసేది. అంత పంతం.

అందుకే ఆ ఏడు కలప కంపెనీ మనిషి రౌతియో ఊరి హాల్లో మ్యాపు పరిచి, "అడవికి హెలికాప్టర్‌తో నత్రజని ఎరువు చల్లుతున్నాం. మీరు పళ్లు ఏరుకునే చోట్లుంటే చెప్పండి, వదిలేస్తాం" అంటే, హాలంతా కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చుంది. సైమీ అంతే. పక్కనే లెంపి ఉంది మరి.

రెండో వేసవికి పైన్ చెట్లు బలిశాయి. వాటికంటే గడ్డి బలిసింది, మోకాలెత్తున. దాని కింద బ్లూబెర్రీ పొదలు ఊపిరాడక నీరసించాయి. ఆకులకు మచ్చలు పడి, ఆగస్టు రాకముందే రాలిపోయాయి. సైమికి వాళ్లమ్మ చూపించిన చోటది. పిడికెడు పళ్లు దొరకలేదు. సారంలేని నేలలో బతకడానికి అలవాటుపడ్డ మొక్కకి బలవంతంగా తిండి కుక్కి చంపారు! సైమికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే రౌతియో ఆఫీసుకి వెళ్లింది.

"నా పొదల్ని చంపేశావు కదయ్యా!"

"మేం అడిగాం కదమ్మా. ఎవరూ చెప్పలేదు."

"చెప్పరని తెలిసే అడిగావు! నువ్వూ ఈ ఊళ్లో పుట్టినవాడివే. మీ అమ్మ బకెట్టు ఎక్కడ నిండేదో నీకెప్పుడైనా చెప్పిందా?"

రౌతియో చెవులు ఎర్రబడ్డాయి.

మరుసటి వసంతంలో మళ్లీ అదే హాలు, అదే మ్యాపు. ఈసారి సరస్సు అవతలి మిట్ట. రౌతియో అదే ప్రశ్న అడిగాడు. లెంపి కాఫీలో ఎప్పుడో కరిగిపోయిన పంచదారని ఇంకా కలుపుతూనే ఉంది. ఆమె చోటు ఆ మిట్ట మీదే. సైమికి ఎప్పటినుంచో తెలుసు. వెంటపడడం చెల్లెలికొక్కదానికే వచ్చా ఏమిటి?

సైమి లేచి వెళ్లి మ్యాపు మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ. మా లెంపి పళ్లు ఏరేది ఇక్కడే. ఒక్క ఎరువు గుళిక పడిందా, ఊరుకోను."

లెంపి లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "నీకెలా తెలుసే దొంగముఖమా? ఊరందరి ముందూ నా నోటి దగ్గరది లాగేస్తావా? నువ్వసలు అక్కవేనా?"

"లాగేది నేను కాదే, వాడు! నీ నోరు నువ్వు విప్పుంటే నేనెందుకు విప్పుతాను?"

రౌతియో అక్కడ ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా గీశాడు. ఇంకెవరైనా ఉన్నారా అని చుట్టూ చూశాడు. ఒక్కరూ కదల్లేదు. ఆ గీత బయట మిట్టంతా తెల్ల గుళికలు కురిశాయి.

ఆగస్టులో, గడ్డిపాలైన తమ చోట్లు వదిలి, ఊరు ఊరంతా బకెట్లు పట్టుకుని ఆ గీతలోకే దిగింది. లెంపికి దక్కింది వాళ్లు వదిలేసిన అడుగూబొడుగూ. అక్కతో మాటలు మానేసింది.

"పొదపొదకీ నిన్ను తిడుతోంది మీ చెల్లెలు," అని పక్కింటి హిల్యా వచ్చి చెప్పింది.

"తిట్టనీ," అంది సైమి. "ఒక్కో పండూ తెంపుతూ తిట్టనీ. నా చోట్లో నిలబడి ఎవర్ని తిట్టుకున్నా, చేతికి గడ్డే వస్తుంది."