గేలిక్ జట్టులో తమ్ముడు

ఫుజైరాలో అక్కను చూసి దుబాయ్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒళ్లో బంతి పెట్టుకుని ఒక ఐర్లండ్ మాస్టారు కూర్చున్నారు. వాళ్ల దేశపు ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడటానికి వారం వారం దుబాయ్ వెళతారట.

"స్వాతంత్ర్య పోరాటంలో మా ఊరి జట్టంతా వాలంటీర్లే," అన్నారు.

"మా ఊళ్లోనూ ఉండేవాళ్లండీ. ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛనిచ్చేవాళ్లు."

పకపకా నవ్వారు. "మావాళ్లు తుపాకులు పట్టారు."

ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం కుదిరాక, దాన్ని ఒప్పుకోవాలా వద్దా అని ఆ జట్టే రెండుగా చీలి, వాళ్లలో వాళ్లే కాల్చుకున్నారట. ఈయన ముత్తాత ఒక పక్క, ఆయన సొంత తమ్ముడు మరో పక్క.

"చచ్చేదాకా మాటల్లేవు. ఖలాస్. ఆ తమ్ముడి మునిమనవడూ ఫుజైరాలోనే ఉంటాడు. ఇప్పుడు ఆడేదీ మా జట్టులోనే. కారులో వస్తాడు."

నాకు ఒళ్లు మండింది. నూరేళ్ల నాటి పగకు ఈ ఎండలో బస్సెక్కడమా?

"మా లెక్కన ఆయన మీకు తమ్ముడేనండీ. ఎన్ని తరాలైనా తమ్ముడే."

"తమ్ముడు," అని నెమ్మదిగా పలికి చూసుకున్నారు.

కొండల మధ్య ఒక తెల్ల కారు మా బస్సును దాటింది. "అదిగో, అతనే," అంటూ చెయ్యెత్తబోయి, దించేశారు. కారులో అతని పక్క సీటు ఖాళీగానే ఉంది.