గోడ దాటిన ఏనుగు

పెళ్ళిచూపుల్లో చెయ్యి వణికి కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళున్నారు. పెళ్ళికూతురి పిన్నిని చూసి పెళ్ళికూతురనుకున్నవాళ్ళూ ఉన్నారు. నా ముందు వాళ్ళంతా మహానుభావులు. లేని దారిలో ఏనుగును తోలి కాబోయే మామగారి మంత్రిని చంపించి, ఆ పాపాన్ని భూగోళం నెత్తిన రుద్దిన ఘనుడు మాత్రం ఈ లోకంలో నేనొక్కణ్ణే. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు, చెమటలు పట్టాయి.

మాది కిషన్‌బాగ్. మా బాపుకు గుండీలు, లేసుల హోల్‌సేల్ దుకాణం ఉంది. గోడ నిండా చెక్క సొరుగులు, వరసకు ఎనిమిది. ఎనిమిదో సొరుగుతో ఒక వరస అయిపోతే, తొమ్మిదోది తర్వాతి వరసలో ఎడమ చివర మొదలవుతుంది. "ఎనిమిది తీసినవా? ఇగ తొమ్మిది తియ్" అని బాపు కేకెయ్యడం, నేను ఆ చివర నుంచి ఈ చివరకు ఉరకడం. నా బాల్యమంతా అదే. ఎనిమిదికి పక్కింటివాడు తొమ్మిదే అన్న సంగతి నా ఎముకల్లో ఇంకిపోయింది. నా కొంప ముంచింది ఆ సొరుగులే.

ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరాక అక్కడే మాధవి పరిచయమైంది. ఇద్దరం పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. వాళ్ళ నాన్న నర్సింగరావు గారు కంచన్‌బాగ్‌లో ఏదో ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు.

"మా నాన్నకు జాతకం వద్దు, జీతం వద్దు. చదరంగం గురించి మాట్లాడెటోడు గావాలె. నీకు ఆట వస్తదా?" అంది మాధవి.

"ఆడరాదు గనీ, ఆడే మిషన్ చేస్త."

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను ఆడలేక ఏకంగా మద్దెలే తయారుచేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఓపిక పట్టండి. కంప్యూటరు మెమరీలో చదరంగం బల్ల ఉండదు. నలుపూ లేదు, తెలుపూ లేదు, ఒకదాని పక్కన ఒకటిగా బారు తీరిన అరలు మాత్రమే ఉంటాయి. నేను అందులో అరవై నాలుగు అరలు తీసుకున్నాను. ఖాళీ గడికి సున్నా, బంటుకు ఒకటి, గుర్రానికి రెండు, ఇలా ఒక్కో కాయకు ఒక్కో అంకె. ఎదుటివాడి కాయలకు అవే అంకెల ముందు మైనస్. కుడికి జరగాలంటే అర నంబరుకు ఒకటి కలపాలి, ముందుకు జరగాలంటే ఎనిమిది కలపాలి. అచ్చం మా దుకాణమే! నాకు ప్రాణం లేచివచ్చింది.

తెలివైనవాళ్ళు ఆ అరల చుట్టూ ఇంకొన్ని అరలు పేర్చి, 'ఇక్కడికి రావద్దు' అనే అర్థంతో ఏదో ఒక అంకె నింపి పెడతారు. అదే గోడ. గోడలకు చెవులుంటాయంటారు, నా బల్లకు అసలు గోడలే లేవు. గుర్రం మొదటి రోజే కుడి అంచు దూకి ఎడమవైపు తేలితే దానికొక్కదానికే కళ్ళెం వేశాను. ఏనుగు సగం ఆట దాకా సొంత బంట్ల వెనకే పడుంటుంది. సగం ఆట దాకా కూర్చుని పరీక్షించే ఓపిక నాకేదీ?

శనివారం బాపునూ ల్యాప్‌టాప్‌నూ వెంటబెట్టుకుని కంచన్‌బాగ్ వెళ్ళాను. ఆదివారం వాళ్ళింటికి ఇంకో సంబంధంవాళ్ళు వస్తున్నారు. అంటే నాకున్నది ఆ ఒక్క సాయంత్రమే.

నర్సింగరావు గారు చెక్క బల్ల మీద కాయలు పేర్చి తెల్లవి తనవైపు పెట్టుకున్నారు. నల్లవి నా మిషన్‌వి. ఆయన ఎత్తును నేను ల్యాప్‌టాప్‌లో కొట్టాలి, అది చెప్పిన ఎత్తును బల్ల మీద వెయ్యాలి.

"గెలుపు ఓటమి నాకు ఫికర్ లేదు బాబూ. మిషన్ ఎట్ల ఆడుతదో చూస్తే, చేసినోని దిమాగ్ ఎట్లుంటదో తెలుస్తది. ఆట అయినంక జవాబు చెప్త."

"మావోడు చేసిండంటే తిరుగుండదు బావగారూ" అన్నాడు బాపు. అవును, ఇంకా టీ కూడా రాలేదు, అప్పుడే బావగారు.

ఆట మొదలైంది. నా మిషన్‌కు తన ఎత్తు తప్ప ఎదుటివాడి ఎత్తు ఆలోచించడం నేర్పలేదు. కనబడిన కాయనల్లా పెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టు తినేస్తోంది.

"ఆకలి మస్తుగున్నట్టుందే" అన్నారాయన. ఆయన కూడా కాయలు తింటూనే ఉన్నారు. చూస్తుండగానే బల్ల సగం ఖాళీ అయింది. ఆయన తన ఎడమ అంచున మంత్రిని పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి మీసం సవరించుకున్నారు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను.

తెర మీద మిషన్ ఎత్తు వచ్చింది.

ఆయన కుడి అంచున నిలబడ్డ నా ఏనుగు, ఇంకా కుడికే వెళ్ళి, బల్ల దాటి, ఒక వరస పైన ఎడమ అంచున తేలి, ఆయన మంత్రిని తినాలట! ఏనుగు వెళ్ళింది, తోక చిక్కింది అంటారు. మా ఏనుగు తోకతో సహా గోడ దూకింది.

ఏనుగును పట్టుకుని చెయ్యి పైకెత్తాను. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏంది బాబూ, ఆగినవ్?"

"మిషన్ ఆలోచిస్తుంది సార్."

"ఆలోచన అయిపోయింది గదా. స్క్రీన్ మీద నా మంత్రి లేదు."

తలుపు దగ్గర నిలబడ్డ మాధవి మొహం పాలిపోయింది. 'తప్పైంది' అని ఒక్క మాట అంటే పోయేది. కానీ ఎదురుగా ఆదివారం సంబంధంవాళ్ళు లడ్డూలు తింటున్నట్టు కనిపించింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"సార్, ఇది కొత్త పద్ధతి. భూమి గుండ్రంగ ఉంటది గదా... తూర్పు దిక్కు పోతనే ఉంటే పడమటి దిక్కు తేల్తం. బల్ల గూడ గట్లనే అన్నట్టు."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

బాపు ఊరుకుంటాడా? "దీంట్ల తప్పేమున్నది బావగారూ? మా దుకాణంల సొరుగులు గూడ గట్లనే. ఎనిమిది ఆ కొసకుంటది, తొమ్మిది ఈ కొసకు. ఎనిమిది తర్వాత తొమ్మిదే గదా!"

నా తప్పు ఎక్కడ పుట్టిందో నాకు అప్పుడు తెలిసింది. నాకే కాదు, నర్సింగరావు గారికీ తెలిసిపోయింది. ఆయన పెదవి చివర ఏదో కదిలింది.

"మంచిది. మరి గీ పద్ధతి మీ మిషన్‌కేనా, నాక్కూడ వర్తిస్తదా?"

"వర్తి... వర్తిస్తది సార్."

ఆయన బల్ల మీదకు వంగారు. ఆయన కుడి అంచున, పై నుంచి రెండో వరసలో ఆయన ఏనుగు ఉంది. పై వరసలో నా రాజున్నాడు. ఏనుగు తిన్నగా పైకెక్కితే తినెయ్యడానికి నా ఒంటె కాపలా ఉంది. ఎదురు దర్వాజాకు తాళం వేశాం, పెరటి గోడ సంగతి ఎవరికి తెలుసు? ఆయన ఏనుగును కుడి అంచు దాటించి, గాల్లో ఒక చుట్టు తిప్పి, పై వరసలో ఎడమ మూలన టక్కున పెట్టారు.

"నీ రాజుకు షా! కొట్టు నీ మిషన్‌ల."

ఇదొక్కటే నా ఆశ. మిషన్ ఆ ఎత్తు చెల్లదంటే బాగుండు! కొట్టాను. అది ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. దానికీ ఎనిమిది తర్వాత తొమ్మిదే. నా రాజుకు కదలడానికి గడి లేదు. మిషన్ ఓడితే ఏం చూపించాలో నేను ముందే రాసిపెట్టిన వాక్యం తెర నిండా వెలిగింది: 'ఇది జరగని పని.'

"జరిగింది గదా బాబూ. ఇప్పుడు నిజం చెప్పు. భూమి గుండ్రమా, నీ తప్పా?"

"తప్పే సార్. అంచు కాడ ఆపుడు మర్చిపోయిన. మీరు అడిగినంక భయమై అబద్ధమాడిన."

"చెయ్యి గాల్లున్నప్పుడే గీ మాట అంటే, అప్పుడే ఒప్పుకుంటుంటి. తప్పు ఎవలన్న చేస్తరు. కప్పిపెట్టెటోనికి పిల్లనెట్లియ్యాలె?"

బాపు చేతిలో బిస్కెట్ టీలో విరిగి పడింది. ఇక లేచి చెప్పులు వేసుకోవడమే మిగిలిందనుకుంటుండగా మాధవి ముందుకొచ్చింది.

"నాన్నా, ఆయన అబద్ధమాడుతుండని నీకు తెల్సు గదా?"

"తెల్వదా మరి! గుండీల సొరుగులనంగనే తెల్సింది."

"మరి తెల్సి తెల్సి నువ్వు గూడ ఏనుగును గోడెట్ల దుంకించినవ్?"

ఆయన మీసం సవరించుకోబోయి ఆగారు. "నేను... పరీక్ష చేసిన."

"పరీక్ష గాదు, మంత్రి పోయిన కోపం. తప్పుడు ఎత్తేసి గెలిచి 'షా' అని ఎగిరినవ్. ఆయన భయంతోటి అబద్ధమాడిండు, నువ్వు ఖుషీతోటి ఆడినవ్. ఇద్దర్ల ఎవరు నయం?"

ఆయన భుజాలు మెల్లగా కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత ఇల్లు కదిలేట్టు నవ్వారు.

"రేపటోళ్ళకు రావద్దని ఫోన్ చెయ్ బిడ్డా. వాళ్ళు నా కన్న మంచోళ్ళైతే మనకు కష్టం." తర్వాత నావైపు వేలు చూపించారు. "నువ్వు మాత్రం గోడ కట్టినంకనే ముహూర్తం!"

గోడ కట్టాను, పెళ్ళి జరిగింది. పొద్దున కూరగాయలకని ముందు గేటు నుంచి వెళ్ళి, దోస్తులతో ఇరానీ చాయ్ దగ్గర గంటలు గడిపి, చప్పుడు చెయ్యకుండా పెరటి దర్వాజా నుంచి దూరినప్పుడల్లా మాధవి అక్కడే నిలబడి ఉంటుంది. "ఏంది, కుడి దిక్కు పోయి ఎడమ దిక్కు తేలినవ్? భూమి గుండ్రమా, నీ తప్పా?"

కాబట్టి అరవై నాలుగు గళ్ళ సాక్షిగా, మామగారి మంత్రి ఆత్మశాంతి కోసం ప్రతిజ్ఞ చేస్తున్నాను: గోడ లేని బల్ల మీద ఇక ఏనుగును వదలను. చెయ్యి గాల్లో ఉండగా నోరు తెరవను. భూమి ఏ ఆకారంలో ఉన్నా దాని జోలికి పోను. ఈ ప్రతిజ్ఞ బాపుకు కూడా చదివి వినిపించాను. ఆయన సొరుగు మూసి, నన్ను జాలిగా చూసి అన్నాడు:

"గదంత సరే గనీ కొడుకా, ఎనిమిది తర్వాత తొమ్మిదే గదా?"