ఆడవాళ్ళ వైపు చాప

ఎర్రజెండాల ఊరేగింపులో బస్సు ఇరుక్కుపోవడంతో ఈ ఉదయం హౌరాలో మా తెలుగు చర్చికి ఆలస్యంగా చేరాను. మా దగ్గర మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. నా వెనకాలే రైల్వే ఫిట్టర్ దేవదానం గారి కుటుంబం వచ్చింది. మొన్నటిదాకా వాళ్ళబ్బాయిగా మాకు తెలిసిన బిడ్డ చీర కట్టుకుని, తల్లితోపాటు నా చాప మీదే కూర్చుంది. ఆ చాప మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ముందుకు వెళ్ళిపోయారు.

సంఘ పెద్ద పాట ఆపించాడు. "ఏటి దేవదానం ఇది? గుంటడిని ఇటు రమ్మను."

"గుంటడు కాదండి, నా కూతురు. తల్లి పక్కనే కూకుంటాది," అన్నారాయన, అందరికీ వినబడేలా. ఆయన మగవాళ్ళ వైపు నుంచి లేచొచ్చి, ఖాళీ అయిన ఆ చాప మీద కూతురి పక్కన కూర్చున్నారు. తల్లి కూతురి తల మీద చెంగు సర్దింది.

అప్పటికి నేనూ ఆ చాప మీద లేను. ఫ్యాను గాలి తగలడం లేదని చెప్పి లేచాను. ఇది డిసెంబరు. చర్చిలో ఒక్క ఫ్యానూ తిరగడం లేదు.

మీరైతే ఏ సాకు చెప్పి లేచేవారో కింద రాయండి.